కరెంటు లేని గ్యారేజీకి సోలార్ లైట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికి దూరంగా కట్టిన గ్యారేజీ కావచ్చు, స్థలం చివర ఉన్న షెడ్డు కావచ్చు. ఇబ్బంది మాత్రం ఒకటే. లోపల కరెంటు ఉండదు, చీకటి పడ్డాక ఒక చేత్తో ఫోన్ టార్చి పట్టుకుని ఇంకో చేత్తో పని చేసుకోవాలి. సోలార్ పెట్టుకుందామనుకునేవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ ఇవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇక్కడున్నవన్నీ లైట్ల కోసం పెట్టుకునే 12 వోల్టుల చిన్న ఏర్పాటుకు సంబంధించిన విషయాలు. ఇంటి మొత్తానికి కరెంటిచ్చే పెద్ద సోలార్ సంగతి వేరు.

## మొదలుపెట్టే ముందు

రెండు లైట్ల కోసం ఇంత హంగామా ఎందుకు? ఇంట్లోంచి వైరు లాగేస్తే పోదా?

గ్యారేజీ ఇంటి పక్కనే ఉండి, గ్రైండరో వెల్డింగ్ మెషినో నడపాలని కూడా ఉంటే లైన్ కరెంటే నయం. సోలార్‌తో వాటి జోలికి పోవద్దు. అయితే లైన్ లాగడమంటే భూమిలో పాతడానికి పనికొచ్చే కేబుల్, దానికి విడిగా బ్రేకరు, లీకేజీ వస్తే ట్రిప్పయ్యే రక్షణ, వీటన్నిటినీ బిగించడానికి ఎలక్ట్రీషియను కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరును గడ్డి మీదుగా లాగి ఏళ్ల తరబడి అలాగే వదిలేయడం మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. తవ్వడం కుదరనప్పుడు, దూరం ఎక్కువైనప్పుడు, కావాల్సింది వెలుతురు మాత్రమే అయినప్పుడు సోలార్ చక్కగా సరిపోతుంది.

నా గ్యారేజీకి ఎంత వెలుతురు కావాలి? వాట్లలో చెప్పండి.

ఒక కారు పట్టే 3 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల పొడవు గదిని తీసుకుందాం. అంటే 18 చదరపు మీటర్లు. లోపలికొచ్చి వస్తువు వెతుక్కుని వెళ్లడానికి 100 లక్స్ (చదరపు మీటరు మీద పడే వెలుతురు కొలత) చాలు, దానికి సుమారు 1800 ల్యూమెన్లు (లైట్లు ఇచ్చే మొత్తం వెలుతురు) కావాలి. మంచి ఎల్‌ఈడీ వాటుకు 100 ల్యూమెన్ల చుట్టుపక్కల ఇస్తుంది. గోడలు మింగేది కూడా కలుపుకుంటే మొత్తం 20 వాట్లు వేసుకోండి.

పనిబల్ల దగ్గర మాత్రం 300 నుంచి 500 లక్స్ ఉండాలి. అలాగని గది మొత్తాన్ని ఆ స్థాయిలో వెలిగించక్కర్లేదు. బల్లకు కాస్త పైన 5 నుంచి 7 వాట్ల లైటు ఒకటి బిగిస్తే సరిపోతుంది. తలుపు దగ్గర 3 నుంచి 5 వాట్ల చిన్న లైటు, మధ్యలో పెద్దది, బల్ల మీద ఒకటి, మూడింటికీ మూడు స్విచ్చులు. చాలాసార్లు తలుపు దగ్గరి లైటుతోనే పని గడిచిపోతుంది, బ్యాటరీ మిగులుతుంది.

ఇంకో మాట. మసిబారిన గోడలకు, కప్పు లోపలి వైపుకు తెల్ల రంగు వేయండి. అదే లైటు కింద గది ఎంత మారిపోతుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

ప్యానెలూ లైటూ కలిపి వచ్చే రెడీమేడ్ కిట్ చాలదా?

తలుపు తీసి, సైకిలు పెట్టి, తలుపేసి వెళ్లిపోయేవాళ్లకు చాలు. వాటి లోపల ఉండేది సాధారణంగా ఒకటో రెండో చిన్న లిథియం సెల్లులు. 3.7 వోల్టులు, 2000 మిల్లీఆంపియర్ అవర్ల సెల్లు ఒకదానిలో పట్టేది దాదాపు 7 వాట్ అవర్లు (ఒక వాటు లైటు ఒక గంట వెలిగితే ఒక వాట్ అవర్). 3 వాట్ల లైటు రెండు గంటలు వెలిగితే అయిపోయినట్టే. ముసురు పట్టిన రోజుల్లో ఆ మాత్రం కూడా రాదు.

డబ్బా మీద రాసిన వాట్లను మాత్రం నమ్మకండి. నడినెత్తి ఎండలో చదరపు మీటరు మీద పడే శక్తి 1000 వాట్లు, మంచి ప్యానెల్ అందులో 20 శాతం చొప్పున కరెంటుగా మారుస్తుంది. ఆ లెక్కన ఏ4 కాగితమంత ప్యానెల్ నుంచి 12 వాట్లకు మించి వచ్చే వీలే లేదు. దాని పక్కన "300 వాట్లు" అని రాసి ఉంటే అది అంకె మాత్రమే.

నాది అద్దె గ్యారేజీ. గోడకు మేకు కొట్టడానికి కూడా వీల్లేదు. దారి ఉందా?

ఉంది. హ్యాండిల్ ఉన్న పవర్ స్టేషనో (బ్యాటరీ, సాకెట్లు ఒకే పెట్టెలో ఉండేది), డబ్బాలో బిగించిన 12 వోల్టుల బ్యాటరీయో కొని, ఇంట్లోనే ఛార్జి చేసి తీసుకెళ్లండి. మడతపెట్టే ప్యానెల్ ఒకటి ఉంటే మీరు అక్కడ పని చేస్తున్నంతసేపూ బయట ఎండలో ఆనించి ఉంచొచ్చు. లైట్లను అయస్కాంతం ఉన్నవి తీసుకుంటే ఇనుప తలుపుకో, దూలానికో అతుక్కుంటాయి. వారానికి ఒకసారి వెళ్లేవాళ్లకు అసలు సోలారే అక్కర్లేదు, రీఛార్జి లాంతరు ఒకటి చాలు.

దీనికి పర్మిషన్లు కావాలా?

ఇలాంటి చిన్న ఏర్పాటు లైన్ కరెంటును ఎక్కడా తాకదు, అందుకే వ్యవహారం తేలిగ్గా ఉంటుంది. నిబంధనలు మాత్రం ప్రాంతాన్ని బట్టి మారతాయి. కప్పు నలుగురిదీ అయితే, లేదా గ్యారేజీ వేరేవాళ్లదైతే, ప్యానెల్ బిగించే ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

## లెక్కలు వేసేటప్పుడు

ఎన్ని వాట్ల ప్యానెల్, ఎంత బ్యాటరీ కొనాలి? సూటిగా చెప్పండి.

సూటిగా అంటే: రోజూ 20 వాట్ల లైట్లు 2 గంటలు వేసుకునేవాళ్లకు 50 వాట్ల ప్యానెల్, 20 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ. మీ అంకెలు వేరైతే ఈ లెక్కలో మార్చుకోండి.

20 వాట్లు, 2 గంటలు అంటే రోజుకు 40 వాట్ అవర్లు. మూడు రోజులు ఎండ మొహం చూడకపోయినా లైట్లు వెలగాలంటే 120 కావాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది, కాబట్టి రెట్టింపు, 240 వేసుకోవాలి. బ్యాటరీ 12 వోల్టులతో భాగిస్తే 20 ఆంపియర్ అవర్లు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం దాకా వాడుకోవచ్చు. దానికి 150 వాట్ అవర్లు, అంటే సుమారు 12 ఆంపియర్ అవర్లు చాలు.

ఇక ప్యానెల్. దీన్ని మండుటెండల నెలతో కాదు, ఏడాదిలో అన్నిటికంటే ఎండ తక్కువగా ఉండే నెలతో లెక్కేయాలి. ఆ నెలలో రోజంతా కలిపి రెండు గంటల నిండు ఎండకు సమానమైన వెలుతురే వస్తుందనుకోండి. వైర్లలో, బ్యాటరీలో, వేడిలో పోయేవి పోగా మనకు దక్కేది 65 శాతం. అంటే 40 కావాలంటే ప్యానెల్ 62 వాట్ అవర్లు ఇవ్వాలి, రెండు గంటలతో భాగిస్తే 31 వాట్లు. కానీ మబ్బు విడిచాక ఆ రోజు వాడకానికి ఇస్తూనే, అడుగంటిన బ్యాటరీని కూడా నింపాలి కదా. అందుకే 50. అనుమానంగా ఉంటే బ్యాటరీ కంటే ప్యానెల్‌నే ఒక సైజు పెంచండి. పెద్ద బ్యాటరీ, చిన్న ప్యానెల్ జోడీలో బ్యాటరీ ఎప్పటికీ నిండదు, నిండని లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు.

నేను వారానికి మూడు రోజులే వాడతాను. చిన్నది సరిపోతుందా?

సరిపోతుంది. వెళ్లినప్పుడల్లా 40 వాట్ అవర్లు వాడితే వారానికి 120, రోజుకు సగటున 17. కంట్రోలర్ (ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య ఉండి ఛార్జింగ్‌ను అదుపు చేసే డబ్బా) తన కోసం తాను తినేది 10 మిల్లీఆంపియర్లు అనుకున్నా రోజుకు మరో 3 వాట్ అవర్లు. 20 వాట్ల ప్యానెల్ రెండు గంటల నిండు ఎండతో, నష్టాలు పోను, 26 ఇస్తుంది. బ్యాటరీని మాత్రం తగ్గించకండి. మీరు వెళ్లిన సాయంత్రం లైట్లను వెలిగించాల్సింది అదే.

50 వాట్ల ప్యానెల్ కొన్నాను. మీటరు 30 వాట్లు కూడా చూపించడం లేదు. మోసపోయానా?

చాలామటుకు మోసపోలేదు. ప్యానెల్ మీద రాసే వాట్లు ల్యాబులో, సెల్లుల ఉష్ణోగ్రత 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఎండలో సెల్లులు 50, 60 డిగ్రీలకు ఇట్టే చేరతాయి, డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది. దానికి తోడు సాదా కంట్రోలర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 18 వోల్టుల దగ్గర 2.8 ఆంపియర్లు ఇవ్వాల్సిన ప్యానెల్ 13 వోల్టుల దగ్గర అదే 2.8 ఇస్తుంది, అంటే 36 వాట్లు. బ్యాటరీ నిండిపోయి ఉంటే కంట్రోలర్ కావాలనే ఇంకా తగ్గిస్తుంది.

నిజం తేల్చుకోవాలంటే మిట్టమధ్యాహ్నం మబ్బు లేనప్పుడు ప్యానెల్ వైర్లు విప్పండి. మల్టీమీటరును 10 ఆంపియర్ల డీసీ మీద పెట్టి, రెండు వైర్లనూ దానికి తగిలించండి. ప్యానెల్ వెనక స్టిక్కరు మీద షార్ట్ సర్క్యూట్ కరెంటు అని ఒక అంకె ఉంటుంది, 50 వాట్ల దానికి 3 ఆంపియర్ల దగ్గర. మీటరు దానికి దగ్గర్లో చూపిస్తే ప్యానెల్ మంచిదే. సగం కూడా రాకపోతే అప్పుడు షాపువాడిని నిలదీయొచ్చు. ఈ పరీక్ష ప్యానెల్‌కే, బ్యాటరీకి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

కంట్రోలర్ పీడబ్ల్యూఎం కొనాలా, ఎంపీపీటీ కొనాలా?

పీడబ్ల్యూఎం అంటే పైన చెప్పిన సాదా రకం, ఎంపీపీటీ అంటే ప్యానెల్ అదనపు వోల్టేజీని కూడా వాడుకునే రకం. 36 సెల్లుల 12 వోల్టుల ప్యానెల్, 100 వాట్ల లోపు అయితే పీడబ్ల్యూఎం చాలు. ఇళ్ల మీద వాడే 30 వోల్టుల పెద్ద ప్యానెల్ చేతికొస్తే మాత్రం ఎంపీపీటీ తప్పదు, లేకపోతే దాని శక్తిలో సగానికి పైగా వృథా. చిన్న కంట్రోలర్ల మీద "ఎంపీపీటీ" అని స్టిక్కరు వేసి అమ్మడం మామూలైపోయింది. లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ లేని, అరచేతిలో పట్టే తేలికపాటి డబ్బా ఎంపీపీటీ కాదు.

ఇన్వర్టర్ పెట్టి ఇంట్లో వాడే మామూలు బల్బులే వేసుకుంటే?

వెలుగుతాయి, కానీ నా లెక్కలో దండగ. చిన్న ఇన్వర్టర్ ఏమీ నడపకుండా ఊరికే ఆన్‌లో ఉన్నా 6 వాట్ల దాకా తింటుంది. రోజంతా వదిలేస్తే 144 వాట్ అవర్లు. మీ లైట్లు తినేది 40! లైట్లకు 12 వోల్టుల డీసీ బల్బులే వాడండి. ఏసీతో నడవాల్సినది ఏదైనా తప్పనిసరిగా ఉంటే, దానికి మాత్రమే ఇన్వర్టర్ ఆన్ చేసి పని కాగానే ఆపేయండి.

## కొనేటప్పుడు

ఇంట్లో పాత కారు బ్యాటరీ పడి ఉంది. అది పనికిరాదా?

ఎలా వెలుగుతుందో చూడటానికి పనికొస్తుంది. దాని మీద ఆధారపడొద్దు. కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లు ఇవ్వడానికి తయారైంది, అందుకే దాని ప్లేట్లు పలచన. రోజూ లోతుగా ఖాళీ చేసి నింపుతుంటే ఆ ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. పైగా అది పాతదైందంటే, ఛార్జి తక్కువగా పడి ఉన్నన్నాళ్లూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది. డీప్ సైకిల్ అని, లేదా సోలార్ కోసం అని రాసి ఉన్నదే కొనండి.

లెడ్ యాసిడా, లిథియమా? తేల్చుకోలేకపోతున్నాను.

చలికాలంలో గ్యారేజీ లోపల సున్నా డిగ్రీల కంటే చల్లబడే చోట లెడ్ యాసిడ్ తీసుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను సున్నాకు దిగువన ఛార్జి చేస్తే లోపల లోహపు పొర పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీలో ఉండే రక్షణ సర్క్యూట్ అప్పుడు ఛార్జింగే ఆపేస్తుంది, అంటే మీకు చీకటి. ఆ ఇబ్బంది లేనిచోట, రోజూ వాడేవాళ్లకు నేను లిథియమే చెబుతాను. లెడ్ యాసిడ్‌ను సగానికి ఖాళీ చేసి నింపడం కొన్ని వందలసార్లు కుదిరితే, దీన్ని రెండు వేలసార్లకు పైగా నింపుకోవచ్చు. బరువు చాలా తక్కువ, సగం నిండి ఉన్నా పాడవదు.

ఏది కొన్నా కంట్రోలర్‌లో ఆ రకానికి సెట్టింగ్ ఉందో లేదో ముందే చూసుకోండి. అప్పుడప్పుడూ వాడేవాళ్లకు సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఇప్పటికీ మంచి బేరమే.

12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేశాను, ఏడాది తిరక్కుండానే నల్లబడి మాడిపోయింది. నాసిరకమా?

నాసిరకం కాకపోవచ్చు. స్ట్రిప్పును దగ్గరగా చూడండి. మూడేసి ఎల్‌ఈడీలు, వాటి పక్కన ఒక చిన్న రెసిస్టర్, మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. మూడు ఎల్‌ఈడీలు కలిసి 9.3 వోల్టుల దాకా తీసుకుంటాయి. సరఫరా కచ్చితంగా 12 వోల్టులు ఉంటే రెసిస్టర్ మీద మిగిలేది 2.7. కానీ ఛార్జి అవుతున్న బ్యాటరీ 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. అప్పుడు రెసిస్టర్ మీద పడేది 5 వోల్టులకు పైనే, అంటే ఎల్‌ఈడీల గుండా పోయే కరెంటు దాదాపు రెట్టింపు. పగలు ఎండ కాస్తుండగా లైట్లు వేసుకుని పని చేసేవాళ్ల స్ట్రిప్పులు అందుకే త్వరగా పోతాయి.

"10 నుంచి 30 వోల్టులు" అని రాసి ఉన్న లైట్లు కొనండి, వాటి లోపలి డ్రైవర్ వోల్టేజీ ఎంతున్నా కరెంటును స్థిరంగా ఉంచుతుంది. స్ట్రిప్పే కావాలంటే దాని ముందు 12 వోల్టులు నిలకడగా ఇచ్చే చిన్న డీసీ కన్వర్టర్ పెట్టి, స్ట్రిప్పును అల్యూమినియం పట్టీ మీద అతికించండి.

ఏ సైజు వైరు వాడాలి? ఇంట్లో మిగిలిన సన్న వైరు చాలదా?

12 వోల్టుల దగ్గర వైరు మందమే ముఖ్యం. 20 వాట్ల లైటు 1.7 ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీ నుంచి 10 మీటర్ల దూరంలో ఉంటే వెళ్లిరావడానికి 20 మీటర్ల రాగి. 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరులో దారిలోనే 0.8 వోల్టులు పోతాయి. ఇంటి కరెంటులో 0.8 వోల్టులు పోతే ఎవరికీ తెలియదు, ఇక్కడ మొత్తం 12లో ఏడు శాతం. 1.5 అయితే 0.4, 2.5 అయితే 0.24. లైట్లకు 1.5, ప్యానెల్ నుంచి కంట్రోలర్‌కు 2.5 లేదా 4 వేసుకుంటే దిగులుండదు. కప్పు మీద ఉండే వైరు ఎండకు పగుళ్లివ్వని సోలార్ కేబులే కావాలి.

ఇంటి స్విచ్చులే వాడొచ్చా?

రెండు మూడు ఆంపియర్ల లైట్లకు వాడొచ్చు. అంతకు మించిన డీసీ కరెంటుకు వద్దు. ఏసీ ప్రతి చక్రంలోనూ సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు తీయగానే మెరుపు ఆరిపోతుంది, డీసీలో అది నిలబడి కాంటాక్టులను కాల్చేస్తుంది.

## బిగించేటప్పుడు

ప్యానెల్‌ను ఎటు తిప్పాలి, ఎంత వాలుగా పెట్టాలి?

ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. మీరున్న చోటి అక్షాంశం ఎంతో దాదాపు అంత వాలు. చలికాలంలో ఎండ తక్కువగా ఉండే చోట దానికి మరో 10, 15 డిగ్రీలు కలపండి. ఆ రోజుల్లో సూర్యుడు కిందుగా ఉంటాడు, చీకటి కూడా త్వరగా పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నా 10 డిగ్రీలైనా వాలు ఉంచాలి, లేకపోతే వాన నీరు నిలిచి దుమ్ము కింది అంచున పేరుకుంటుంది. గ్యారేజీ కప్పు తూర్పుకో పడమరకో ఉందని బెంగ పడక్కర్లేదు, ప్యానెల్‌ను ఒక సైజు పెద్దది తీసుకుంటే సరి.

గ్యారేజీ చెట్టు కింద ఉంది. కాసేపు నీడ పడితే ఏమవుతుంది?

అనుకున్నదానికంటే ఎక్కువే పోతుంది. ప్యానెల్‌లో సెల్లులన్నీ ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద నీడ పడితే దాని వరుస మొత్తం కరెంటు ఆ స్థాయికి పడిపోతుంది. 36 సెల్లుల ప్యానెల్ ఒక మూలన ఆకు అంటుకున్నా సగం శక్తి పోయే వీలుంది. 12 వోల్టుల బ్యాటరీకి కలిపినప్పుడు ఆ మిగిలిన సగం వోల్టేజీ చాలక ఛార్జింగే ఆగిపోవచ్చు.

నీడను ఎండ బాగున్న నెలలో చూసి నిర్ణయించకండి. ఎండ తక్కువ కాలంలో నీడలు పొడవుగా సాగుతాయి. ఎండ తగిలే చోట స్తంభం పాతి, ప్యానెల్‌ను దాని మీదికి మార్చి, కాస్త మందం వైరు లాగడమే చాలాసార్లు తేలికైన దారి.

దొంగల భయంతో కిటికీ అద్దం లోపల పెట్టొచ్చా?

పెట్టొచ్చు, పని మాత్రం సరిగ్గా జరగదు. అద్దం కొంత వెలుతురును వెనక్కి కొడుతుంది, రంగు అద్దమైతే ఇంకా ఎక్కువ. కిటికీ నిలువుగా ఉంటుంది, చౌకట్టు నీడ సగం రోజు ప్యానెల్ మీదే. దానికంటే కప్పు మీదే పెట్టి, మామూలు పానాకు లొంగని తలలున్న బోల్టులు వాడండి.

రేకుల కప్పు మీద ఎలా బిగించాలి?

ముందు ఆ రేకు ఏమిటో తెలుసుకోండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటికి డ్రిల్ పెట్టొద్దు, కోయొద్దు, రుద్దొద్దు. ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. అవి బరువుకు విరుగుతాయి కూడా, పైకెక్కి కాలు జారి కింద పడినవాళ్లున్నారు. అలాంటి గ్యారేజీకి గోడ మీద బ్రాకెట్టో, పక్కన స్తంభమో వాడండి.

ఇనుప రేకు అయితే దాని గాడుల ఎత్తు భాగంలోనే రంధ్రం చేసి, కింద ఉన్న దూలంలోకి దిగేలా, రబ్బరు వాషరుతో బిగించండి. ప్యానెల్‌కూ కప్పుకూ మధ్య నాలుగైదు వేళ్ల సందు వదిలితే గాలి ఆడి చల్లగా ఉంటుంది. బరువు సమస్య కాదు, 50 వాట్లది 4 కిలోలకు అటూ ఇటూ. భయపడాల్సింది గాలికి. అడుగు నుంచి దూరిన గాలి ప్యానెల్‌ను పైకి లేపుతుంది. వైరు లోపలికి వచ్చే రంధ్రాన్ని బయటి వైపుకు వాలుగా చేసి, ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పండి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ముందు ఏ వైరు కలపాలి?

ముందు కంట్రోలర్‌కు బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివర లైట్లు. విప్పేటప్పుడు తిరగేసి. కంట్రోలర్ తాను పని చేయాల్సిన వోల్టేజీని బ్యాటరీని చూసే తెలుసుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే 22 వోల్టుల దాకా ఒక్కసారిగా వచ్చి పడతాయి, కొన్ని కంట్రోలర్లు అక్కడికక్కడే పోతాయి. ప్యానెల్‌కు స్విచ్చు ఉండదు, వెలుతురు పడినంతసేపూ కరెంటు వస్తూనే ఉంటుంది. అందుకే కలిపేటప్పుడు దుప్పటి కప్పి ఉంచండి.

12 వోల్టులే కదా, షాక్ కొట్టదు. ఫ్యూజు ఎందుకు?

షాక్ కొట్టదు, తగలబెడుతుంది. 20 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ కూడా షార్ట్ అయితే వందల ఆంపియర్లు వదులుతుంది. ఆ క్షణంలో సన్న వైరు ఎర్రగా కాలి, తొడుగు కరిగి, పక్కనున్న చెక్కకు అంటుకుంటుంది. ఫ్యూజు కాపాడేది లైటును కాదు, వైరును. అందుకే బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. లైట్ల వైపు 5 ఆంపియర్లు, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి కంట్రోలర్ రేటింగును బట్టి 10 లేదా 15. టెర్మినళ్లు బిగించే ముందు చేతి ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టండి, పానా పిడికి టేపు చుట్టండి.

లైట్లను నేరుగా బ్యాటరీకే కలిపితే? కంట్రోలర్ మీద ఆ బల్బు బొమ్మ ఉన్న టెర్మినళ్లు ఎందుకు?

బ్యాటరీ మరీ అడుగంటకుండా లైట్లను ఆపేయడానికి. చాలావాటిలో అది 11 వోల్టుల చుట్టుపక్కల సెట్ అయి వస్తుంది. లెడ్ యాసిడ్‌కు అది మరీ తక్కువ, మార్చే వీలుంటే 11.8 పెట్టండి. కంట్రోలర్ రేటింగు దాటనంతవరకు లైట్లను అక్కడే కలపాలి. ఇన్వర్టర్‌ను మాత్రం అక్కడ కలపకండి, ఆన్ చేయగానే అది లాగే కరెంటుకు కంట్రోలర్ కాలిపోతుంది. దానికి నేరుగా బ్యాటరీ నుంచి, విడి ఫ్యూజుతో వైరు ఇవ్వాలి.

బ్యాటరీని నేల మీద మూలన పెట్టేస్తే చాలా?

గ్యారేజీలో వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేలకు అంటుకుని పాకుతుంది. వైరు కలిపేటప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. బ్యాటరీ, కంట్రోలర్, స్విచ్చులు అన్నీ కనీసం అర మీటరు ఎత్తున అరమీద ఉంచండి. లెడ్ యాసిడ్ ఛార్జి అవుతూ హైడ్రోజన్ వదులుతుంది, అది పైకి పోతుంది. గాలిలో 4 శాతం చేరితే అంటుకుంటుంది కాబట్టి గాలి చొరబడని డబ్బాలో బ్యాటరీని మూసి పెట్టకూడదు.

లైటు ఆపడం మర్చిపోతుంటాను. సెన్సరు పెడితే మంచిదా?

తలుపు దగ్గరి లైటుకు చాలా మంచిది. 12 వోల్టుల మోషన్ సెన్సరు ఊరికే ఉన్నప్పుడు తినేది కొన్ని మిల్లీఆంపియర్లే. పనిబల్ల లైటుకు మాత్రం పెట్టకండి. కదలకుండా కూర్చుని స్క్రూ బిగిస్తుంటే సరిగ్గా అప్పుడే ఆరిపోతుంది, చేతులు ఊపుతూ పని చేయాల్సి వస్తుంది.

## వాడుకలోకి వచ్చాక

మొదట్లో బాగానే వెలిగాయి. ఇప్పుడు గంటకే ఆరిపోతున్నాయి. ఎక్కడ వెతకాలి?

ముందు ప్యానెల్ మీదికి ఒకసారి చూడండి. పక్షి రెట్ట, రాలిన ఆకులు, కొత్తగా పెరిగిన కొమ్మ. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. తర్వాత మధ్యాహ్నం ఎండలో బ్యాటరీ టెర్మినళ్ల మీద మల్టీమీటరు పెట్టండి. 13.5 దాటి పెరుగుతుంటే ఛార్జింగ్ జరుగుతున్నట్టు, అంటే తప్పు బ్యాటరీదే, దాని పట్టే సామర్థ్యం తగ్గింది. 12.5 దగ్గరే కదలకుండా ఉంటే ప్యానెల్ వైపు వెతకాలి: కనెక్టర్ లోపల తడి, పచ్చగా చిలుము పట్టిన రాగి, వదులైన స్క్రూ, కాలిపోయిన ఫ్యూజు.

లైట్లు వేయగానే కంట్రోలర్ ఆపేసి, కాసేపటికి మళ్లీ వెలిగిస్తుంటే, బ్యాటరీకి కంట్రోలర్‌కు మధ్య వైరులో వోల్టేజీ పడిపోతోందేమో చూడండి. లైటు వెలుగుతుండగా ఆ రెండు చోట్లా కొలవండి. తేడా 0.2 వోల్టులు దాటితే ఆ వైరో, దాని లగ్గో (వైరు కొసన బిగించే లోహపు ముక్క) మార్చాలి.

మీటరు 12.8 చూపిస్తోంది. బ్యాటరీ నిండినట్టేనా?

ఎండలో ఉన్నప్పుడు చూస్తే ఆ అంకెకు అర్థం లేదు, అది ఛార్జింగ్ వోల్టేజీ. రాత్రి లైట్లన్నీ ఆపి, రెండు మూడు గంటలు ఆగి కొలవండి. లెడ్ యాసిడ్‌కు 12.7 అంటే నిండింది, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువంటే వెంటనే ఛార్జి చేయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకే చోట నిలబడి చివర్లో ధడాలున పడిపోతుంది. వోల్టేజీని చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, దానికి బ్యాటరీలోకి వచ్చిపోయే కరెంటును లెక్కపెట్టే, షంట్ ఉన్న మీటరు కావాలి.

రెండు నెలలు వేరే ఊరు వెళ్తున్నాం. అన్నీ విప్పేయాలా?

వద్దు. లైట్లు ఆపేసి, ప్యానెల్, కంట్రోలర్, బ్యాటరీ అలాగే ఉంచండి. లెడ్ యాసిడ్‌కు నిండుగా, ఫ్లోట్‌లో (నిండాక కూడా సన్నగా ఛార్జి అందుతూ) ఉండటమే ఆరోగ్యం. నీళ్లు పోసే రకమైతే వెళ్లే ముందు డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసుకోండి.

ప్యానెల్ ఎన్నాళ్లకోసారి కడగాలి?

వానలు పడే చోట వానే కడుగుతుంది. దుమ్ము కంటికి కనబడితే పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడు, నీళ్లూ మెత్తని గుడ్డతో తుడవండి. కాలిన అద్దం మీద చన్నీళ్లు పోయకండి.

డ్రిల్ ఛార్జర్, టైర్లకు గాలి కొట్టే పంపు కూడా నడపొచ్చా?

గాలి పంపు సుబ్బరంగా. 12 వోల్టులదే కాబట్టి నేరుగా బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో ఇవ్వండి. 10 ఆంపియర్ల చొప్పున పది నిమిషాలు నడిచినా 20 వాట్ అవర్లే. డ్రిల్ బ్యాటరీ సంగతి చూసుకోవాలి. 18 వోల్టులు, 4 ఆంపియర్ అవర్లది ఒకటి నింపడానికి 72 వాట్ అవర్లు, ఛార్జర్‌లో పోయేది అదనం. రెండు గంటల వెలుతురు కంటే ఎక్కువే. ఎండ బాగా కాసే మధ్యాహ్నం, బ్యాటరీ నిండి ప్యానెల్ శక్తి వృథాగా పోతున్న సమయంలో ఛార్జి చేసుకోండి. వాక్యూమ్ క్లీనరు, హీటరు లాంటివి ఇంటి దగ్గరే.

మొత్తం ఎన్నేళ్లు వస్తుంది? ముందు ఏది పోతుంది?

ముందు పోయేది బ్యాటరీ. ప్యానెల్ శక్తి ఏడాదికి అర శాతం చుట్టుపక్కల తగ్గుతూ పాతికేళ్లు దాటినా పని చేస్తుంది. దాని కనెక్టర్లు, వైరు తొడుగు అంతకంటే ముందే చూడాల్సి వస్తుంది. లెడ్ యాసిడ్‌ను ఎప్పుడూ సగానికి పైనే ఉంచితే నాలుగైదేళ్లు ఆశించొచ్చు, వేడి ఎక్కువైతే తగ్గుతుంది. లిథియం దానికి రెండింతలు. మార్చేటప్పుడు పాత లెడ్ బ్యాటరీని చెత్తలో పడేయకండి, కొత్తది అమ్మే షాపులోనే ఇచ్చేయండి. అందులోని సీసం కరిగించి మళ్లీ బ్యాటరీలకే వాడతారు.